మందు తయారీలో మిగిలిన విషం ఎవరి పాపం?

కర్నూలు జిల్లా కోడుమూరు నుంచి దక్షిణంగా పత్తికొండ దాటి, తుగ్గలి మండలం మీదుగా గుత్తి వైపు సాగితే ఎర్రగుడి బండలు కనిపిస్తాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ అక్కడ ఒకే చోట ఉన్నాయి. చూడ్డానికి వచ్చేవాళ్లు బ్రాహ్మీ లిపిని ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. రెండో శాసనంలో ఏముందని అడిగేవాళ్లు తక్కువ. అందులో ఉన్నది వైద్యం. మనుషులకూ పశువులకూ రెండు రకాల చికిత్సలు ఏర్పాటు చేశామనీ, మందుమొక్కలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించామనీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించామనీ చక్రవర్తి అందులో చెప్పుకున్నాడు. చోళ, పాండ్య దేశాల మొదలు తామ్రపర్ణి దాకా, అటు యవనరాజు అంతియోకుడి రాజ్యం దాకా ఈ ఏర్పాటు ఉందని కూడా రాయించాడు.

మందు, పశువు, బావి, చెట్టు. నాలుగూ ఒకే శాసనంలో పక్కపక్కనే ఉన్నాయి. రోగికి మందిచ్చేవాడే బావి గురించీ పట్టించుకోవాలన్న ఊహ ఆ బండ మీద సహజంగా ఒదిగిపోయింది.

ఇవాళ మందుకూ బావికీ చుట్టరికం తెగిపోయింది. కోడుమూరు ఆసుపత్రిలో జ్వరానికి ఇచ్చే మాత్ర, పశువుల ఆసుపత్రిలో ఆవుకు వేసే ఇంజెక్షన్ ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో తయారై వస్తాయి. మాత్రల అట్ట మీద ధర ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ ఏ వాగు పక్కన ఉందో, ఆ వాగులో ఏం పారుతోందో ఉండదు. అసలా మాత్రలోని మందు దినుసు, అంటే బల్క్‌డ్రగ్, ఏ ఊళ్లో తయారైందో అమ్మేవాడికీ తెలియదు.

తెలుగునాట ఈ కథ హైదరాబాద్ శివార్లలో మొదలైంది. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రవేత్తలు చాలామంది తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. విదేశీ కంపెనీలు అధిక ధరకు అమ్మే మందులు పేదవాడికి అందే ధరకు దిగి వచ్చాయంటే అందులో ఈ తెలుగు కంపెనీల చెమట చాలా ఉంది. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే తర్వాత చెప్పుకోబోయేది అంత హాయిగా ఉండదు.

డెబ్బైల నడుమ నుంచీ పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. వాటి మురుగు నక్కవాగులోకి దిగింది, నక్కవాగు మంజీరలో కలిసింది. వాగు వెంట ఊళ్లలో బావినీళ్లు రంగు మారాయి, వరిమడులు చెడ్డాయి. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఫ్యాక్టరీల మురుగును ఒకచోట శుద్ధి చేయడానికి ఉమ్మడి ప్లాంటు వచ్చింది. సమస్య తీరిందని కొందరు అనుకున్నారు.

2006 నవంబరులో స్వీడన్ శాస్త్రవేత్త జొయాకిమ్ లార్సన్ బృందం ఆ ఉమ్మడి ప్లాంటు శుద్ధి చేసి వదిలే నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు వచ్చే ప్లాంటు అది. ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకూ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు ఆ ప్లాంటు నుంచి బయటికి పోతున్న సిప్రోఫ్లోక్సాసిన్ దాదాపు 45 కిలోలని లెక్క తేలింది. అప్పటికి తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తానికి అయిదు రోజులకు సరిపోయే మందు అది.

బ్యాక్టీరియా మొండికేయకుండా ఉండాలంటే నదినీటిలో ఈ మందు ఎంత మించకూడదన్నది 2016లో లార్సన్, మరో పరిశోధకుడు కలిసి లెక్కగట్టారు. లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. ఒకటి ప్లాంటు గొట్టం చివర కొలిచింది, మరొకటి నదిలో ఉండదగ్గది కాబట్టి రెంటినీ నేరుగా పోల్చడం పూర్తి న్యాయం కాదు. అయినా వాటి మధ్య తేడా దాదాపు అయిదు లక్షల రెట్లు. ఏ వాగు కలిసినా, ఏ వాన పడినా అంత తేడా పూడేది కాదు.

ఇక్కడే ఒక పాత ధర్మసందేహం ముందుకొస్తుంది. మందు చేసేవాడి సంకల్పం మంచిది. జబ్బు నయం చేయడమే అతని వృత్తి. వైద్యుణ్ణి సాక్షాత్తూ నారాయణుడనే దేశంలో వైద్యుడి చేతికి మందు అందించేవాడూ పుణ్యాత్ముడే కావాలి. అతను ఎవరినీ చంపాలనుకోలేదు, వాగును చెరపాలనుకోలేదు. మరి ఆ వాగు చెడిన పాపం అతని ఖాతాలో పడుతుందా?

ఈ ప్రశ్నకు రెండున్నర వేల ఏళ్ల చరిత్ర ఉంది. బౌద్ధుల మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో ఇదే వాదం నడుస్తుంది. నాలందాకు చెందిన ఉపాలి అనే గృహస్థు నిర్గ్రంథుల శిష్యుడు, అంటే జైనుడు. పాపాల్లో బరువైనది శరీరంతో చేసిందేనని అతని మతం. కాదు, మనసుతో చేసిందే బరువైనదని బుద్ధుడి వాదం. తెలియక కాలికింద పురుగును తొక్కినవాడికీ, కావాలని తొక్కినవాడికీ తేడా లేదా అని బుద్ధుడు గుచ్చి అడుగుతాడు. సుత్తం బౌద్ధులది కాబట్టి గెలుపు బుద్ధుడిదే. కంపెనీ యజమానికి ఈ తీర్పు నచ్చుతుంది. మనసులో చెడు లేదు కాబట్టి బరువైన పాపమూ లేదు.

కానీ వాదం అక్కడితో ముగిసిపోలేదు. జైనుల వైపు నుంచి దానికి పదునైన సమాధానం వచ్చింది. ఆ సమాధానం చెప్పినవాడు ఈ ప్రాంతం మనిషేనని చెబుతారు. ఆదోనిలో రైలెక్కి దక్షిణంగా పోతే గుంతకల్లు వస్తుంది. దాని పక్కన, అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలో కొనకొండ్ల ఉంది. దిగంబర జైనులు మహావీరుడి తర్వాత తలచుకునే ఆచార్యుల్లో మొదటి వరుసలోని కుందకుందాచార్యుడి స్వగ్రామం ఇదేనని పి.బి.దేశాయి వంటి చరిత్రకారులు గుర్తించారు. ఊరి పక్క గుట్ట మీద తీర్థంకరుల విగ్రహాలున్నాయి. స్థానికులు దాన్ని రససిద్ధుల గుట్ట అంటారు. పాదరసంతో మందులు, బంగారం చేస్తారని పేరున్న సిద్ధుల పేరు ఒక జైనక్షేత్రానికి అంటుకుని ఉండడం చూస్తే, మందుల తయారీ గురించిన ఈ చర్చకు అంతకన్నా తగిన చోటు దొరకదనిపిస్తుంది.

కుందకుందుడి కాలం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆయన ప్రాకృతంలో రాసిన ప్రవచనసారంలోని ఒక గాథ సారం మాత్రం స్పష్టం. ఎదుటి ప్రాణి చనిపోయిందా, బతికిపోయిందా అన్నది కాదు లెక్క. అజాగ్రత్తగా మెలిగినవాడు హింస చేసినట్టే, ప్రాణి బతికినా సరే. జాగ్రత్తగా మెలిగినవాడికి, తన చేతిలో ప్రాణి పోయినంత మాత్రాన కర్మబంధం లేదు.

దీనితో ప్రశ్న స్వరూపమే మారిపోతుంది. సంకల్పం మంచిదా చెడ్డదా అని బుద్ధుడి దారిలో అడగనక్కరలేదు. ఎంత నష్టం జరిగిందని కోర్టు దారిలో అడగనక్కరలేదు. అడగవలసింది ఒక్కటే: చేసేటప్పుడు ఎంత మెలకువగా ఉన్నావు?

జైన సన్యాసికి ఈ మెలకువ ఉత్త ఉపదేశంగా మిగల్లేదు. అయిదు సమితులుగా, అంటే అయిదు రకాల జాగ్రత్తలుగా స్థిరపడింది. నడకలో ఈర్యా సమితి, మాటలో భాషా సమితి, భిక్ష తీసుకోవడంలో ఏషణా సమితి, వస్తువులు ఎత్తడంలో దించడంలో ఆదాన నిక్షేపణ సమితి. అయిదోది ఉత్సర్గ సమితి. మలమూత్రాలూ ఇతర వ్యర్థాలూ ఎక్కడ, ఎలా వదలాలన్న జాగ్రత్త. ప్రాణులు లేని చోటు వెతికి, చూసి, తర్వాతే వదలాలి. వ్యర్థాన్ని వదలడం కూడా ఒక వ్రతంలో భాగమని, దానికీ నడకకూ మాటకూ సమానమైన స్థానం ఉందని చెప్పిన సంప్రదాయం ఇది. పటాన్‌చెరు వంటి చోట్ల పర్యావరణ అనుమతి పత్రాల్లో రాసుకునే షరతులు ఇంకో భాషలో రాసిన ఉత్సర్గ సమితే.

మెలకువ అనే ఈ కొలబద్ద పనికొస్తుందో లేదో పరీక్షించడానికి రాబందుల కథను మించింది లేదు. పశ్చిమ కర్నూలు పల్లెల్లో ముసలివాళ్లకు రాబందులు గుర్తున్నాయి. ఊరి బయట పడేసిన పశువు కళేబరం మీద గుంపులుగా వాలేవి. తొంభైల నుంచి అవి కనిపించడం మానేశాయి. తెల్లవీపు రాబందులు 1990ల ఆరంభానికీ 2007కీ మధ్య దేశంలో 99 శాతానికి మించి తగ్గిపోయాయి. కారణం చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చచ్చిన పక్షులను కోసి చూసి గుట్టు విప్పింది. పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలిపోయి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను కొన్నాళ్లలోనే దెబ్బతీస్తోంది. ఇన్ని పక్షులు పోవడానికి ఎక్కువ కళేబరాలు కూడా అక్కరలేదు. 130 నుంచి 760 కళేబరాలకు ఒక్కదానిలో ఆ మందు ఉంటే చాలునని అదే ఏడాది మరో అధ్యయనం లెక్క తేల్చింది.

రాబందులు పోతే కుక్కలు, ఎలుకలు పెరిగాయి, నీళ్లు చెడ్డాయి. 2000 నుంచి 2005 దాకా అయిదేళ్లలో రాబందులు లేకపోవడం వల్ల దేశంలో అదనంగా సుమారు అయిదు లక్షల మంది చనిపోయి ఉంటారని ఆర్థికవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ప్రచురించిన పరిశోధనలో అంచనా వేశారు. ఆవు నొప్పి తగ్గించిన మందు చుట్టూ తిరిగి మనిషి దాకా వచ్చింది. సీతను ఎత్తుకుపోతుంటే రెక్కలు తెగేదాకా పోరాడిన జటాయువును పూజించే దేశంలో జటాయువు జాతి ఒక ఇంజెక్షన్‌తో తుడిచిపెట్టుకుపోయింది.

ఇప్పుడు కుందకుందుడి ప్రశ్న వేయాలి. 2004కు ముందు ఈ మందు చేసినవాళ్లకు రాబందు మూత్రపిండం గురించి తెలిసే దారి లేదు. నష్టం ఘోరమే, కానీ అజాగ్రత్త అనడం కష్టం. 2004 తర్వాత లెక్క వేరు. 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీని కేంద్రం నిషేధించింది. అప్పటికే మెలాక్సికామ్ అనే ప్రత్యామ్నాయం రాబందులకు హాని చేయదని తేలింది. అయినా మనుషుల కోసమని అదే డైక్లోఫెనాక్ పెద్ద పెద్ద సీసాల్లో వచ్చింది. ఒక మనిషికి ఒక్క మోతాదుకు కావలసినదానికన్నా ఎన్నో రెట్లున్న సీసా ఎవరి కోసమో ఊహించడానికి శాస్త్రం చదవనక్కరలేదు. అవి పశువుల దగ్గరికే చేరాయి. 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదని ప్రభుత్వం కట్టడి చేయాల్సి వచ్చింది. తర్వాత 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడకుండా నిషేధించింది.

మందు అదే, చచ్చిన పక్షి అదే. తెలియని రోజుల్లో చేసిన సీసాకూ, తెలిశాక చేసిన సీసాకూ మధ్య మాత్రం ధర్మం గీసిన గీత ఒకటుంది. సంకల్పాన్నే చూసే కొలబద్దకు ఆ గీత కనిపించదు. రెండు సందర్భాల్లోనూ పక్షులను చంపాలని ఎవరూ అనుకోలేదు కదా.

నీటి సంగతి ఒక్క జైనులే చెప్పారనుకుంటే పొరపాటు. నీటిలో మలమూత్రాలు, రక్తం, విషాలు వదలరాదని మనుస్మృతి నిషేధించింది. ఆదోనిలో పదిహేడో శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదులో నమాజు చేసేవాళ్లకూ ఈ మాట కొత్త కాదు. జనం నీళ్లు తెచ్చుకునే చోటును, నడిచే దారిని, నీడను మలినం చేయడం శాపానికి గురిచేసే పనులని హదీసు చెబుతుంది. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది వైద్యగ్రంథమైన చరకసంహిత. విమానస్థానం మూడో అధ్యాయంలో ఆత్రేయుడు కాంపిల్య నగరం దగ్గర గంగ ఒడ్డున శిష్యుడు అగ్నివేశుడికి ఒక విషయం వివరిస్తాడు. మనుషుల ఒంటితత్వాలు వేరువేరు అయినా ఒకేసారి ఊళ్లకు ఊళ్లు ఎందుకు రోగాన పడతాయి? గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడివి కాబట్టి. అవి చెడితే జనపదం మొత్తం చెడుతుంది. అవి చెడడానికి మూలం అధర్మం. ఆ స్థితి రాకముందే మందుమొక్కలు సేకరించి పెట్టుకోవాలని, నేల చెడ్డాక వాటి శక్తి కూడా పోతుందని ఆత్రేయుడు హెచ్చరించాడు.

ఆ హెచ్చరికకు ఇవాళ సూక్ష్మజీవశాస్త్రంలో అర్థం దొరుకుతోంది. యాంటీబయాటిక్ కలిసిన నీటిలో బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగిలి పెరుగుతుంది. మిగిలింది తన మొండితనాన్ని పక్కదానికి కూడా పంచుతుంది. మందుకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ ప్రచురించిన అధ్యయనం అంచనా. దీనికి ఫ్యాక్టరీ మురుగు ఒక్కటే కారణం కాదు. చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కుని రెండు రోజులు మింగి మానేసే రోగి, కోళ్ల ఫారం, ఆసుపత్రి మురుగు, అన్నిటికీ వాటా ఉంది. కానీ గాఢత విషయంలో ఫ్యాక్టరీ గొట్టంతో పోటీ పడేది వేరొకటి లేదు. తాను తయారుచేసిన మందునే పనికిరాకుండా చేసే మురుగును తానే వదలడం వ్యాపారదృష్టితో చూసినా తెలివైన పని కాదు.

ఈ మందుల మూలం కూడా గుర్తుంచుకోదగ్గది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర భక్తులు మృత్తికను ప్రసాదంగా తీసుకుంటారు. రోగాలు పోతాయని నమ్మిక. అది నమ్మకం సంగతి. ప్రయోగశాల సంగతి వేరు, కానీ అక్కడా కథ మట్టిలోనే మొదలవుతుంది. భీమవరంలో పుట్టి, యవ్వనంలో రామకృష్ణ మిషన్ సన్యాసి కావాలనుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనకు సారథి అయ్యారు. ఆయన నాయకత్వంలో పనిచేసిన బెంజమిన్ దుగ్గర్ మిస్సోరి నేల నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవితో ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటిది. మట్టి ఇచ్చిన మందు ఇది. తిరిగి మట్టికి చేరేటప్పుడు ఏ రూపంలో చేరుతోందో చూసుకోవడం ఋణం తీర్చుకోవడంలో భాగమే అవుతుంది.

అయితే జాగ్రత్త పడాలంటే ఫ్యాక్టరీ ఏం చేయాలి? మొదటి సంగతి, మురుగు పుట్టాక శుద్ధి చేయడం కన్నా పుట్టకుండా చూడడం మేలు. 1992లో రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పారు. కిలో పెట్రో ఉత్పత్తికి వ్యర్థం గ్రాముల్లోనే ఉంటుంది. కిలో మందుకు మాత్రం 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం పుడుతుంది. అందులో ఎక్కువ భాగం ద్రావకాలే, అంటే దినుసులను కరిగించడానికి, కడగడానికి వాడే ద్రవాలు. మందు ఎంత చిన్నదో దాని వెనకాల కుప్ప అంత పెద్దది.

ఆ కుప్పను తగ్గించినవాళ్లున్నారు. నొప్పిమాత్ర ఐబుప్రొఫెన్‌ను బూట్స్ కంపెనీ మొదట ఆరు దశల్లో తయారుచేసేది. వాడిన పరమాణువుల్లో 40 శాతమే మందులోకి చేరేవి, మిగిలింది చెత్త. తర్వాత బీహెచ్‌సీ అనే సంస్థ దాన్ని మూడు దశలకు కుదించి, మందులోకి చేరేది 77 శాతానికి పెంచింది. 1997లో దానికి అమెరికాలో హరిత రసాయన పురస్కారం వచ్చింది. దిగులు జబ్బుకు వాడే సెర్ట్రాలిన్ తయారీలో ఫైజర్ కంపెనీ నాలుగు ద్రావకాల స్థానంలో ఇథనాల్ ఒక్కటే వాడి, టన్ను మందుకు అరవై వేల గ్యాలన్ల ద్రావకాన్ని ఆరు వేలకు దించింది. 2002లో దానికీ అదే పురస్కారం. రెండు చోట్లా లాభం తగ్గలేదు. కొనాల్సిన ద్రావకమే తగ్గింది.

ఎంత తగ్గించినా కొంత మురుగు మిగులుతుంది. యాంటీబయాటిక్ పాత్రలు కడిగిన మొదటి నీటిని మామూలు నీటిలో కలపకుండా విడిగా పట్టి, మందు అణువు విరిగిపోయేదాకా శుద్ధి చేయాలి. కలిపేశాక విడదీయడం కష్టం, ఖర్చు. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీలు చుక్క నీరు కూడా బయటికి వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పద్ధతికి మారాయి. నీటిని వడగట్టి, ఆవిరి చేసి, మళ్లీ వాడుకుంటాయి. మంచిదే. కానీ ఆవిరికి బొగ్గో కరెంటో కావాలి, చివరికి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు దుండిగల్ వంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి లారీల్లో పోతుంది. నీటిలోని హింస గాలిలోకి, నేలలోకి మారడమే తప్ప మాయం కాలేదన్న స్పృహ లేకపోతే జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అన్న బోర్డు ఉత్త తృప్తికే పనికొస్తుంది.

పటాన్‌చెరు విషయంలో జరిగింది కూడా అలాంటిదే. ఉమ్మడి ప్లాంటు వదిలే నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగరపు మురుగులో కలిపి, అంబర్‌పేటలో మూసీ ఒడ్డునున్న శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగుకు ఊరట దొరికింది. బరువు మూసీ వైపు జరిగింది. జైన సన్యాసి అయితే దీన్ని ఉత్సర్గ సమితి అనడు. అక్కడ నియమం కళ్లకు కనపడని చోట వదలడం కాదు, ప్రాణి లేని చోట వదలడం.

పరిశ్రమ వైపు వాదనలో పస లేకపోలేదు. జైనులే గృహస్థుడికి హింసను నాలుగు రకాలుగా విడదీశారు. కావాలని చేసే సంకల్పీ హింసను పూర్తిగా వదిలేయాలి. వంట, ఇల్లు ఊడ్చుకోవడం వంటి పనుల్లో జరిగే ఆరంభీ హింస, వృత్తిలో జరిగే ఉద్యోగీ హింస, ఆత్మరక్షణలో జరిగే విరోధీ హింస పూర్తిగా తప్పేవి కావు. మందు చేస్తే హింస తప్పదు, చేయకపోతే రోగి చస్తాడు. పనుల్లేక ఏటా గుంటూరు మిరప కోతలకూ, బెంగళూరు కట్టడాలకూ వలసపోయే పశ్చిమ కర్నూలు కూలీకి మాత్ర ధర రూపాయి పెరిగినా బరువే. ఈ మాటను తేలిగ్గా కొట్టేయకూడదు.

కానీ ఉద్యోగీ హింసకు సడలింపు ఇచ్చిన సంప్రదాయమే దానికి హద్దూ గీసింది. గృహస్థుడు చేయకూడని పదిహేను వృత్తుల పట్టికలో విషాల వ్యాపారం ఉంది, అడవులకు నిప్పు పెట్టడం ఉంది, చెరువులను ఎండగొట్టడం ఉంది. తప్పనిసరి హింసకు సడలింపు, తప్పించుకోగల హింసకు కాదు. పేదవాడి పేరు చెప్పుకునేవాళ్లు ఇంకో సంగతి కూడా చూడాలి. నక్కవాగు ఒడ్డున బావి చెడ్డ రైతూ పేదవాడే. చవక మాత్ర ధరలో కొంత అతను కట్టాడు, బిల్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

దానం చేస్తే సరిపోతుందా? 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దిష్ట స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. బడిగదులు, మంచినీటి ప్లాంట్లు, మొక్కలు నాటడం అన్నీ ఆ పద్దులోవే. వాటివల్ల మేలు జరుగుతుంది, కాదనేది లేదు. కానీ ప్రాయశ్చిత్తానికి మన శాస్త్రాల్లో ముందు షరతు ఒకటుంది: చేసిన పని మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం. గొట్టం అలాగే పారుతుండగా పక్కన నాటిన మొక్క దాన్ని కడగదు.

చట్టం ఏం చేసింది? మందుల ఫ్యాక్టరీలు వదిలే నీటిలో ఒక్కో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. అంత స్పష్టంగా హద్దులు రాయడానికి పూనుకోవడం సాహసమే. 2021 ఆగస్టులో వచ్చిన తుది నియమాల్లో ఆ హద్దులు కనిపించలేదు. ఈలోగా మందుకు లొంగని బ్యాక్టీరియా (ఏఎంఆర్) సమస్య మీద కొన్ని కంపెనీలు కలిసి ఏర్పాటు చేసుకున్న ఏఎంఆర్ ఇండస్ట్రీ అలయన్స్ 2022లో యాంటీబయాటిక్ తయారీకి తనంతట తానే ఒక ప్రమాణం ప్రకటించింది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల మురుగు, చెత్తల మీద తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. కొలవడం ఎలాగో తెలియదనే సాకు ఇక చెల్లదు. 2004 తర్వాతి డైక్లోఫెనాక్ సీసా ఎక్కడ నిలబడిందో 2024 తర్వాతి మురుగు గొట్టం అక్కడే నిలబడింది.

మిగిలింది కొనేవాడి సంగతి. అయిదు సమితుల్లో భిక్షకు సంబంధించిన ఏషణా సమితి చాలా కఠినమైనది. సన్యాసి ఇంటి ముందు నిలబడి, పెట్టినదాన్ని పెట్టినట్టు తీసుకోకూడదు. అది ఎలా వండారు, తనకోసమే ప్రత్యేకంగా వండారా, వండడంలో అనవసరపు హింస జరిగిందా అని చూసుకుని, దోషముంటే వదులుకుని ఆకలితో వెళ్లిపోవాలి. తీసుకునేవాడికీ బాధ్యత ఉందన్నది ఇందులో సూత్రం. వండినవాడి పాపం వండినవాడిదే అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

రోగికి ఈ నియమం పెట్టడం క్రూరత్వం. జ్వరంతో వచ్చినవాణ్ణి ఈ మాత్ర ఏ వాగు పక్కన పుట్టిందో విచారించుకోమనలేం. కానీ రోగి తరఫున కొనే పెద్దచేయి ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాసుపత్రులకు కావలసిన మందులను ఏపీఎంఎస్ఐడీసీ అనే ప్రభుత్వ సంస్థ టెండర్ల ద్వారా కొంటుంది. అవి జిల్లా గిడ్డంగులకు చేరి, అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికీ, ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ఆసుపత్రులకూ వెళతాయి. నాణ్యత అర్హతలు దాటాక టెండరులో తేల్చేది ధరే. నార్వే, స్వీడన్ ఆసుపత్రుల కోసం మందులు కొనే సంస్థలు కొన్నేళ్లుగా ధరతోపాటు తయారీలో పర్యావరణ జాగ్రత్తకూ మార్కులు వేస్తున్నాయి. ఆ దేశాలకు మందులు పంపే భారతీయ కంపెనీలు ఆ వివరాలు రాసి ఇస్తున్నాయి కూడా. అవే వివరాలు మన ఏపీఎంఎస్ఐడీసీ అడిగితే ఇవ్వలేమని చెప్పడానికి వాళ్ల దగ్గర కారణం ఉండదు. యాంటీబయాటిక్‌లతో మొదలుపెట్టి, బల్క్‌డ్రగ్ ఏ ఫ్యాక్టరీలో తయారైంది, అక్కడి మురుగులో ఆ మందు ఎంత మిగిలింది అనే రెండు గడులు టెండరు ఫారంలో చేర్చాలి. మొదటి ఏడాది ఆ గడులు ఖాళీగా వస్తే, ఎవరెవరు ఖాళీగా వదిలారో ఆ జాబితాను జనం ముందు పెట్టాలి.